అక్క పేరు మీద తొమ్మిది ఉత్తరాలు

పోయిన ఏడాది జొన్న కోతలు మొదలైన వారంలోనే, జర్మనీ నుంచి ఇంగ్రిడ్ అమ్మగారు మా ఊరికి వస్తున్నారన్న కబురు వచ్చింది. తెచ్చింది సాల్మన్ సార్. చర్చి పక్కనున్న ట్యూషన్ సెంటర్ నడిపేది ఆయనే. ఎప్పుడూ బండి దిగకుండా గుమ్మం బయటి నుంచే మాట్లాడి వెళ్లే మనిషి, ఆ రోజు లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"కృపను సూస్తదట. కృపతోని మాట్లాడ్తదట. ఇర్వై రెండో తారీఖు."

అమ్మ అప్పుడే చేను నుంచి వచ్చింది. జొన్న నూగు అంటుకుని చేతులు ఎర్రబడ్డాయి. గోక్కుంటున్నదల్లా ఆగింది.

"కృప ఏడున్నది సార్ ఈడ?"

"గదే గద రత్నమ్మా నా ఫికర్."

మా ఊరు ఝరాసంగం నుంచి నాలుగు కిలోమీటర్లు. సెంటర్‌లో నలభై మంది పిల్లల పేర్లున్నాయి. ఒక్కో పేరుకు ఒక కార్డు, ఒక్కో కార్డుకు జర్మనీ నుంచి డబ్బు పంపే ఒక మనిషి. ఇంటికి ఒక్క కార్డే. మా ఇంట్లో అది అక్క కృపది, ఆ కార్డుకు మనిషి ఇంగ్రిడ్ అమ్మగారు. కార్డున్న పిల్లలు బడి అయ్యాక సెంటర్‌కు వచ్చి చదువుకోవాలి. నెల నెలా పది కిలోల బియ్యం, నూనె ప్యాకెట్టు, సబ్బులు, నోటుబుక్కులు ఇస్తారు. ఏడాదికి మూడుసార్లు, అంటే క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు, బడులు తెరిచినప్పుడు, పిల్లలు తమ చేత్తో ఉత్తరం రాయాలి. మేము తెలుగులో రాస్తే కింద సార్ ఇంగ్లిషులో రాసి పంపేవారు. చివరి వాక్యం మాత్రం జర్మన్‌లోనే ఉండాలి. సార్ దాన్ని బోర్డు మీద రాస్తే మేము ముగ్గు చూసి వేసినట్టు వేసేవాళ్లం. "ఇష్ డాంకె ఈనెన్ ఫొన్ గాన్సెమ్ హెర్ట్సెన్." మీకు నిండు గుండెతో కృతజ్ఞతలు అని దాని అర్థం.

మా ఇంట్లో అలాంటి మాట ఎవరూ వాడగా నేను వినలేదు. ఎవరైనా మేలు చేస్తే అమ్మ "సల్లగుండు బిడ్డా" అంటుంది. అది పెద్దవాళ్లు చిన్నవాళ్లతో అనేది. చిన్నవాళ్లు తిరిగి ఏమనాలో మాకెవరూ చెప్పలేదు. చెప్పిన పని చేసిపెడితే చాలు.

అప్పటికి మూడేళ్ల కింద నాన్న చెరకు లారీ మీది నుంచి పడ్డాడు. తుంటి విరిగింది. అక్క తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి జహీరాబాద్‌లో జబ్బార్ సేట్ బట్టల దుకాణంలో చేరింది. అక్కడే మేనత్త ఇంట్లో ఉండేది. బడి మానేసిన పిల్లల కార్డు తీసేయాలి. "రెండు నెలలే సార్, వాళ్ల నాయిన లేస్తే వస్తది" అని అమ్మ బతిమాలింది. సార్ ఒప్పుకున్నారు. ఇంతలో ఈస్టర్ ఉత్తరాలు రాసే సమయం వచ్చింది. "నీ రాత బాగుంటది రిబ్కా, అక్క పేరు మీద నువ్వు రాయి" అన్నారు. అప్పుడు నేను ఏడో తరగతి. నాన్న లేచాడు కాని కర్ర లేకుండా నడవలేకపోయాడు. అక్క తిరిగి రాలేదు. నేను తొమ్మిది ఉత్తరాలు రాశాను. ఏడాదికొకసారి పంపాల్సిన ఫోటో మాత్రం, అక్క పండక్కి వచ్చినప్పుడు పుస్తకం చేతికిచ్చి తీసేవారు సార్.

"తెలిస్తే ఏమైతది సార్?" అని అడిగాడు నాన్న.

"కృప కార్డు పోతది మాణిక్. అదొక్కటే పోతే ఏమో అనుకోవచ్చు. పట్నం నుంచి ఆఫీసోళ్లు వచ్చి అందరి కార్డులు తీసి సూస్తరు. నౌకరి పోయి నేను ఇంటికి పోత."

"అబద్ధం చెప్పి తిన్న బువ్వ అరగదని నేను ముందే అన్న."

"అరగకనే మూడేండ్లు తిన్నవా?" అంది అమ్మ.

ఆ మాటకు సార్ కూడా నవ్వారు. చివరికి తేలింది ఏమిటంటే, అక్కను రెండు రోజుల ముందే పిలిపించాలి. ఉత్తరాల జిరాక్సులన్నీ సార్ ఫైలులో ఉన్నాయి. అవి చదివి అక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ జర్మన్ వాక్యం నోటికి నేర్చుకోవాలి. నేను చేయాల్సింది ఏమీ లేదు. "నువ్వు మూలకు కూసో, ఎప్పటి లెక్కనే" అన్నారు సార్. నేను ఎప్పుడూ మూలకే కూర్చుంటాను. బడిలో హాజరు పలికితే పక్క పిల్ల "ఉన్నది సార్" అని నా బదులు చెప్పేది.

అక్క ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం షేర్ ఆటోలో దిగింది. పెండ్లిళ్ల దినాలు, జబ్బార్ సేట్ సెలవు ఇయ్యనన్నాడట.

"మూడు రోజులు పోత అన్న. 'తేరీ షాదీ హై క్యా?' అన్నడు, పెండ్లి నీదా అని," అంటూ నవ్వింది. "కాదు సేట్, నాకు పరీక్ష అన్న. ఏం పరీక్షనో గాని!"

చేతులు కడుక్కుని, రొట్టె తిని, ఫైలు ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. అమ్మ చేనుకు పోయింది. నాన్న కళ్లంలో కంకులకు కాపలా ఉన్నాడు. నేను లోపల జొన్నలు చెరుగుతున్నట్టు కూర్చున్నాను.

అక్క చాలాసేపు చదివింది. పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఏమే, నేను పదో తరగతి పాసైన్నా?"

"అవు."

"ఎన్నొచ్చినయ్?"

"పదికి ఎనిమిదిన్నర."

"లెక్కలల్ల?"

"తొమ్మిది."

"వారీ! నాకు ఎక్కాలే పన్నెండు దాక వస్తయ్," అని పడీపడీ నవ్వింది. "తర్వాత?"

"ఇంటర్. బైపీసీ. నర్సు కావాల్నని."

"రక్తం సూస్తే నేను కండ్లు మూసుకుంట గదనే!"

ఇంకా కొన్ని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి పైకి చదివింది. "'నాకు ఒక చెల్లెలు ఉంది. ఆమె ఎవరితోనూ మాట్లాడదు. కాని అన్నీ చూస్తుంది.' ఇది నీ గురించి నువ్వే రాసుకున్నవా?"

నేను చేట పక్కన పెట్టాను.

తొమ్మిదో ఉత్తరం అయ్యేసరికి అక్క నవ్వడం మానేసింది. ఫైలు మూసి, దాని మీద అరచేయి పెట్టి కూర్చుంది.

"రిబ్కా, ఇండ్ల నేనెక్కడున్న?"

నాకు అర్థం కాలేదు.

"అంత కృప, కృప అని రాసినవ్. కృప బడికి పోయింది. కృప ప్రార్థన చేసింది. కృపకు ఫస్టొచ్చింది. గీ కృప ఎవరే? జబ్బార్ సేట్ నమాజుకు పోతే గల్లా తాళాలు నాకిచ్చి పోతడు. ముట్టుకుంటే చెప్త నేను, ఏది కాటనో ఏది కాదో. పెండ్లిచీరల గిరాకి వస్తే పెద్దోళ్లను పక్కకు పెట్టి నన్నే పిలుస్తరు. గదొక్క ముక్క రాయరాలేదా నీకు? దుకాణంల చేసుడు నీకు సిగ్గా?"

"కాదు అక్కా. నువ్వు మంచిగ సదువుతున్నట్టు రాస్తె..."

"రాస్తె?"

నీకు ఏదో ఇచ్చినట్టు ఉంటదని, అని చెప్పాలనుకున్నాను. నువ్వు మానేస్తేనే కదా నేను చదువుతున్నది, అని కూడా. అక్కచెల్లెళ్లు అలాంటివి మాట్లాడుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

అక్క లేచి ఫైలు అల్మారా మీద పెట్టింది. "మంచిగ రాసినవ్ గాని, నన్ను తుడిసేసినవ్," అంది. కోపంగా కాదు. గిరాకీకి ఫలానా రంగు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

మర్నాడంతా సార్ ఆమెతో జర్మన్ వాక్యం పలికించారు. అక్క పట్టు వదలకుండా నేర్చుకుంది. దుకాణానికి బీదర్ నుంచి వచ్చేవాళ్లతో కన్నడం, సేట్‌తో ఉర్దూ మాట్లాడే నోరు, పదిసార్లలో పట్టేసింది. నాతో మాత్రం ఆ రోజు పెద్దగా మాట్లాడలేదు.

ఇరవై రెండున పదకొండు గంటలకు కారు వచ్చింది. ఇంగ్రిడ్ అమ్మగారికి డెబ్భై నాలుగేళ్లు. పొట్టి తెల్ల జుట్టు, వదులు ప్యాంటు, దుమ్ము పట్టిన బూట్లు. నలభై ఏళ్లు ఒక రొట్టెల దుకాణంలో పని చేశానని ఎప్పుడో ఉత్తరంలో రాసింది. భర్త చనిపోయాడని, పిల్లలు లేరని కూడా. ఇంటి ముందు సగం ఊరు చేరింది. పక్కింటి ఈరయ్య తాత గోడ మీది నుంచి అరిచాడు.

"రత్నా, దొరసానికి జొన్నరొట్టె పెడ్తున్నవట! పండ్లున్నయో లేవో అడిగి పెట్టు!"

"నీకు లేకున్నా తింటలేవా తాతా," అంది అక్క. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియకపోయినా ఇంగ్రిడ్ అమ్మగారు కూడా నవ్వింది.

లోపల మంచం మీద ఆమె, పక్కన అక్క, ఎదురుగా స్టూలు మీద సార్. నాన్న గడ్డం గీసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను బియ్యం డబ్బా పక్కన కూర్చున్నాను. ఆమె ఇంగ్లిషులో అడిగేది, సార్ తెలుగులో చెప్పేవారు. అక్క జవాబులన్నీ సరిగ్గా చెప్పింది. ఇంటర్ రెండో సంవత్సరం. నర్సు కావాలని. అవును, నాన్నకు ఇప్పుడు నొప్పి తగ్గింది. నా ఉత్తరాల్లోని వాక్యాలే ఆమె నోట్లో నుంచి వస్తుంటే, అవి నావి అనిపించలేదు. ఆమెవీ అనిపించలేదు.

అమ్మ రొట్టె, పుంటికూర తెచ్చి పెట్టింది. ఇంగ్రిడ్ అమ్మగారు తింటూ మధ్యలో చేయి తుడుచుకుని, సంచిలోంచి ఒక ఉన్ని శాలువా తీసి అక్కకు ఇచ్చింది. నీలం రంగు, పెద్దది. చలికాలమంతా తానే అల్లానని సార్ ద్వారా చెప్పింది.

అక్క లేచి నిలబడి దాన్ని విప్పింది. రెండు కొనలు పట్టుకుని ఒక్కసారి విదిలించింది. వెలుతురు వైపు తిప్పి చూసింది. గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ కలిపి, మోచేతి కొలతకు మడిచి, అంచు పైకి కనబడేలా తిప్పి మంచం మీద పెట్టి అరచేత్తో ఒకసారి నొక్కింది. అంతా నాలుగు క్షణాల పని. అది తాను చేసినట్టు కూడా ఆమెకు తెలియదు.

ఇంగ్రిడ్ అమ్మగారు నమలడం ఆపింది. శాలువాను చూసింది. అక్క చేతులను చూసింది. సార్‌తో ఏదో అంది.

సార్ ముఖం మారింది. గొంతు సవరించుకుని, "సెలవులల్ల ఏమన్న దుకాణంల చేస్తవా అని అడుగుతున్నరు కృపా. అవు, సెలవులల్లనే అని చెప్పు," అన్నారు.

అక్క సార్‌ను చూసింది, అమ్మను చూసింది. నా వైపు చూడలేదు.

"మూడేండ్లసంది," అంది. సార్ దాన్ని ఇంగ్లిషులో చెప్పలేదు. అక్క ఇంగ్రిడ్ అమ్మగారి వైపు తిరిగి మూడు వేళ్లు చూపించింది. శాలువాను చూపించింది, తలుపులోంచి జహీరాబాద్ దిక్కు చూపించింది. రోజంతా నిలబడి ఉంటానన్నట్టు నేల మీద పాదాలు తట్టి చూపించింది.

బయట ఈరయ్య తాత దగ్గుతున్నాడు.

ఇంగ్రిడ్ అమ్మగారు వంగి తన ప్యాంటు అంచు మోకాలి దాకా లేపింది. పిక్కల మీద నీలం నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. అక్క వంగి చూసి "అబ్బా" అంది. తన చీలమండలు చూపించింది. "సాయంత్రానికి గిట్ల ఉబ్బుతయ్." ఆమె తల ఊపింది. దీనికీ సార్ అవసరం పడలేదు.

తరువాత ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నా తొమ్మిది ఉత్తరాలు ఉన్నాయి. వరుసగా మంచం మీద పెట్టి అడిగింది. సార్ ఈసారి మార్చకుండా చెప్పారు.

"ఇవి ఎవరు రాసిన్రు అంటున్నరు."

అక్క వచ్చి నా రెక్క పట్టుకుని లేపింది. "గిదే."

నేను నిలబడ్డాను. చేతులకు అంటిన బియ్యపు పిండి లంగాకు తుడుచుకున్నాను. ఇంగ్రిడ్ అమ్మగారు చాలాసేపు మాట్లాడింది. గొంతు పెంచలేదు. సార్ ముక్కలు ముక్కలుగా చెప్పారు.

"ఈ ఉత్తరాలు వచ్చినప్పుడు ఇంట్ల ఇంకో మనిషి ఉన్నట్టుండేదట. ఇప్పుడు ఆ మనిషి లేదని తెలిసిందట. నువ్వు అబద్ధం రాసినవ్ అంటున్నరు." ఆయన ఉత్తరాల వైపు వేలు చూపారు. "ఇండ్ల ఏదన్న నిజమున్నదా అని అడుగుతున్నరు."

చాలా ఉంది అని చెప్పాలి. నాన్న కర్ర నిజం. చెల్లెలు నిజం. జొన్నచేలో పిట్టలు నిజం. అక్క వెళ్లిపోయిన రోజు ఇంట్లో ఎవరూ తినలేదని, పేర్లు మార్చి మూడో ఉత్తరంలో రాశాను. అదీ నిజం.

"దీని నోట్లె నువ్వుగింజ నానది, ఇయ్యాల మూతి కుట్టేసుకుంది సూడు," అంది అమ్మ. అమ్మకు భయం వేస్తే కోపం వస్తుంది, కోపంలో మాటలు తారుమారవుతాయి. నా నోట్లో నువ్వుగింజ రోజూ నానుతుందని ఊరందరికీ తెలుసు.

ఇంగ్రిడ్ అమ్మగారు ఒక ఉత్తరం ఎత్తి, చివరి వాక్యం మీద వేలు పెట్టి నాకు చూపించింది. ఇదీ అబద్ధమేనా, అన్నట్టు కనుబొమలు ఎత్తింది.

"ఇష్ డాంకె ఈనెన్," అన్నాను. మళ్లీ మొదలుపెట్టాను. "ఇష్ డాంకె ఈనెన్ ఫొన్ గాన్సెమ్ హెర్ట్సెన్."

అప్పటి వరకు ఆ వాక్యాన్ని నేను రాశానే తప్ప ఎన్నడూ పలకలేదు. పలుకుతున్నప్పుడు ఎవరిని చూడాలో కూడా తెలియదు. అక్క నా రెక్క ఇంకా పట్టుకునే ఉంది. ఆమె ముఖం దగ్గరగా ఉంది. పౌడరు కింద కణతల మీద చెమట. నేను ఆమెనే చూశాను.

"అటు సూడే," అని గొణిగింది అక్క. "నా దిక్కేంది?"

నేను చూపు తిప్పలేదు. అక్క నా రెక్క వదిలేసి, మంచం మీది శాలువా మళ్లీ విప్పి మళ్లీ మడిచింది.

ఇంగ్రిడ్ అమ్మగారు ఆమెను, నన్ను చూసింది. రొట్టె సగం వదిలేసింది. సాయంత్రం దాకా ఉంటుందన్న మనిషి ఒంటిగంటకే లేచింది. కారెక్కే ముందు అమ్మ చేయి, అక్క చేయి పట్టుకుంది. నా దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగి, తల ఊపి వెళ్లిపోయింది. ఉత్తరాలు మంచం మీద వదిలి వెళ్లిందేమోనని చూశాను. లేవు. తీసుకుపోయింది.

కారు దుమ్ము అణిగాక అమ్మ అక్క మీద విరుచుకుపడింది.

"సెలవులల్లనే అంటే నీ సొమ్మేం పోతుండె? సార్ అంత సక్కగ అందిస్తుంటే!"

"నాకు యాష్టకొచ్చింది అమ్మా. ఆమె ఎదురుంగ కూసున్నంతసేపు నేను సచ్చిపోయి ఎవరో నా జాగల కూసున్నట్టు అనిపిచ్చింది."

"ఇగ బియ్యం ఎవరిస్తరు, ఆమెనా?"

"నేను తెస్త," అంది అక్క. "ఇప్పటిదాంక తెస్తనే ఉన్న గద."

నాన్న కర్ర అందుకుని కళ్లం వైపు వెళ్లాడు. వెళ్తూ అక్క తల మీద ఒకసారి చేయి పెట్టాడు.

మార్చి మొదటి వారంలో పట్నం నుంచి ఇద్దరు ఆఫీసువాళ్లు వచ్చారు. నలభై కార్డులూ తీసి తనిఖీ చేశారు. మాలాంటివి ఇంకో మూడు దొరికాయి. సార్‌ను తీసేయలేదు. రాతపూర్వకంగా హెచ్చరించి వదిలారు. కృప కార్డు మూసేశారు. కార్డు మూసినప్పుడు ఆ పిల్ల స్వయంగా ఒక చివరి ఉత్తరం రాయాలన్నది వాళ్ల పద్ధతి. ఆఫీసు ఆమె సార్ ముందే నాతో, "ఈసారి ఆ అమ్మాయే రాయాలి, నువ్వు కాదు" అంది.

నా పదో తరగతి పరీక్షలకు నాలుగు రోజులుందనగా, ఆదివారం ఆరాధన అయ్యాక అక్క వచ్చింది. చేలన్నీ ఖాళీ అయ్యాయి. మోళ్లు మాత్రం మిగిలాయి. సెంటర్‌లో మేము ముగ్గురమే.

సార్ చాక్‌పీసు తీసుకున్నారు. "ఆఖరి లైను బోర్డు మీద రాయాల్నా కృపా?"

"వద్దు సార్. నాది తెలుగుల్నే రాస్త."

బెంచీ మీద కూర్చుని పెన్ను పట్టుకుంది. మూడేళ్లుగా బిల్లుపుస్తకం తప్ప ఏమీ రాయని చేయి. ఒక్కో అక్షరం నొక్కి నొక్కి రాసింది. నేను పక్కన కూర్చుంటే ఎడమచేయి అడ్డం పెట్టుకుంది.

"తప్పులు సూడాల్నా అక్కా?"

"వద్దు. తప్పులతోనే పోనియ్."

గంట పట్టింది. ఒక కాగితం నిండాక ఇంకొకటి అడిగింది. రెండూ మడిచి సార్ చేతికిచ్చింది. సార్ ఇంగ్లిషులోకి రాద్దామని కళ్లద్దాలు పెట్టుకుని నిలబడే చదవడం మొదలుపెట్టారు. మొదటి కాగితం సగంలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రెండో కాగితం తిప్పాక తలెత్తి నన్ను చూశారు.

"నువ్వు జర బయటికి పో బిడ్డా," అన్నారు.

నేను బయటికి వచ్చాను. కాసేపటికి అక్క కూడా వచ్చి చెప్పులు తొడుక్కుంది. మూడు గంటలకల్లా దుకాణంలో ఉండాలి. ఇద్దరం రోడ్డు దాకా నడిచాం. షేర్ ఆటో అప్పటికే నిండిపోయింది. డ్రైవరు "జరుగున్రి, జరుగున్రి, ఒక్కరే" అని అరుస్తున్నాడు.

"ఏం రాసినవ్ అక్కా?"

"నీకెందుకే? అది నా ఉత్తరం," అంది. అంచున కూర్చుని, ఒక కాలు బయటపెట్టి, పైనున్న రాడ్డు పట్టుకుంది. ఆటో కదిలాక వెనక్కి తిరిగి, "పరీక్షలు మంచిగ రాయి. నీ పేరు మీద రాయి," అని అరిచి నవ్వింది.

ఇంటికి వచ్చేటప్పుడు సెంటర్ ముందు నుంచే వచ్చాను. కిటికీలోంచి చూస్తే సార్ ఇంకా రెండో కాగితం మీదే ఉన్నారు. అక్క రాసిన ఒక మాటకు ఇంగ్లిషు రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తున్నారు.